పెరోవ్‌స్కైటా, ఆర్గానికా? సోలార్ సెల్లా, ఎల్ఈడీయా? పీహెచ్‌డీలో చేరేముందు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఫిజిక్స్‌లో పీజీ అయింది. రెండు ల్యాబ్‌లు రమ్మంటున్నాయి. ఒకటి పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసే సోలార్ సెల్స్ మీద పనిచేస్తుంది, రెండోది కార్బన్ ఆధారిత అణువులతో చేసే ఆర్గానిక్ ఎల్ఈడీల మీద. ఏది ఎంచుకోవాలి? పెరోవ్‌స్కైట్‌లో చేయాల్సిందంతా చేసేశారని సీనియర్లు అంటున్నారు, నిజమేనా? సీసం ఉన్న పదార్థం మీద అన్నేళ్లు పెట్టడం తెలివైన పనేనా? చివర్లో, కోడింగ్ రాకపోతే ఇబ్బందా అని కూడా అడిగారు.

ఈ రెండు రకాల పదార్థాలతోనూ చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను. ముందు నా అభిప్రాయం చెప్పేస్తే చదవడం తేలిక: పదార్థాన్ని చూసి కాదు, సమస్యను చూసి చేరండి. ఈ రంగంలో ఇప్పుడు మిగిలిన అసలు సమస్య సామర్థ్యం కాదు, మన్నిక.

సోలార్ సెల్, ఎల్ఈడీ రెండూ వేర్వేరు దారులన్నట్టు రాశారు. ఆ గోడ మొదట తీసేయండి. వెలుతురు మింగి కరెంటు ఇచ్చేది ఒకటి, కరెంటు మింగి వెలుతురు ఇచ్చేది మరొకటి. లోపల జరిగే భౌతికశాస్త్రం మాత్రం ఒకటే. మంచి సోలార్ సెల్ కావాలంటే అది మంచి ఎల్ఈడీ కూడా అయితీరాలని భౌతికశాస్త్రవేత్త ఎలి యాబ్లోనోవిచ్ చాలాసార్లు చెప్పాడు. మొదటిసారి వింటే తలకిందులుగా అనిపిస్తుంది. వెలుతురంతా పట్టుకోవాల్సిన సెల్ తిరిగి వెలుతురు చిమ్మడం నష్టం కదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది.

లెక్క చూస్తే విషయం తేలిపోతుంది. వైర్లు కలపకుండా సెల్‌ను ఎండలో పెడితే లోపల పుట్టిన ఎలక్ట్రాన్లు, హోల్స్ (ఎలక్ట్రాన్లు వదిలి వెళ్లిన ఖాళీలు) ఎలాగూ ఎక్కడో ఒకచోట కలిసిపోవాల్సిందే. అవి కలిసి ఫోటాన్‌గా బయటికొస్తే అది ప్రకృతి నియమం వసూలు చేసే కనీస సుంకం, తప్పించుకోలేం. ఏదో లోపం దగ్గర చిక్కుకుని వేడిగా మారిపోతే మాత్రం అది మన చేతకానితనం. వెలిగే సామర్థ్యం పదింతలు తగ్గిన ప్రతిసారీ గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 60 మిల్లీవోల్టుల వోల్టేజీ పోతుంది. 1.6 ఎలక్ట్రాన్ వోల్టుల బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కావాల్సిన కనీస శక్తి) ఉన్న పెరోవ్‌స్కైట్‌కి సిద్ధాంతం ప్రకారం ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ, అంటే వైర్లు కలపనప్పటి వోల్టేజీ, 1.32 వోల్టుల దాకా రావచ్చు. కలిసిపోయే జంటల్లో నూటికి ఒకటే వెలుతురుగా బయటికొస్తుంటే అందులో 120 మిల్లీవోల్టులు పోయినట్టే. పదివేలకు ఒకటైతే 240. అందుకే సోలార్ సెల్స్ చేసేవాళ్లు కూడా కొత్త ఫిల్మ్ రాగానే, దానిమీద ఎలక్ట్రోడ్ వేయకముందే, లేజర్ కింద పెట్టి ఎంత వెలుగుతోందో కొలుస్తారు. మసకగా ఉంటే ఆ ఫిల్మ్‌తో సెల్ చేసి పెద్దగా లాభం లేదు. కాబట్టి మీకొచ్చిన రెండు అవకాశాల్లో ఏది తీసుకున్నా, రెండో రంగంలోకి తలుపు తెరిచే ఉంటుంది.

ఇక పదార్థాల తేడా. మీ నిర్ణయానికి నిజంగా పనికొచ్చేది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ఆర్గానిక్ పదార్థంలో ఫోటాన్ పడితే పుట్టేది విడి ఎలక్ట్రాన్, విడి హోల్ కాదు, ఎక్సైటాన్ అనే జంట. ఈ పదార్థాల డైఎలక్ట్రిక్ స్థిరాంకం 3, 4 దగ్గరే ఉంటుంది. అంటే ఆ రెండు ఆవేశాల మధ్య ఆకర్షణకు అడ్డుపడేది పెద్దగా ఏమీ లేదు. దాంతో జంటను విడదీయడానికి సాధారణంగా 0.3 నుంచి 0.5 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. గది వేడి ఇవ్వగలిగేది 0.026 మాత్రమే. పైగా మామూలు ఆర్గానిక్ ఫిల్మ్‌లో ఎక్సైటాన్ ఆరిపోయేలోపు కదలగలిగేది ఓ 10 నానోమీటర్లు.

ఆర్గానిక్ సోలార్ సెల్ చరిత్రంతా ఈ ఒక్క చిక్కుతో కుస్తీయే. 1986లో సి. డబ్ల్యు. టాంగ్ ఎలక్ట్రాన్ ఇచ్చే పొర, పుచ్చుకునే పొర ఒకదానిమీద ఒకటి వేసి, రెండూ తగిలే చోట జంటను విడదీయొచ్చని చూపించాడు. సామర్థ్యం ఒక శాతం దగ్గర. 1990ల మధ్యలో హీగర్ బృందం ఆ రెండు పదార్థాలనూ ఒకే ద్రావణంలో కలిపేసి, ఎక్సైటాన్ ఎటు వెళ్లినా 10 నానోమీటర్లలోపే సరిహద్దు దొరికేలా చేసింది. ఆ తర్వాత చాలాకాలం పుచ్చుకునే పదార్థమంటే బంతిలాంటి కార్బన్ అణువు ఫుల్లరీనే. దాని స్థానంలోకి కొత్త అణువులు వచ్చాక, ముఖ్యంగా 2019లో వై6 అనే అణువు వచ్చి 15.7 శాతం చూపించాక, రంగానికి మళ్లీ ఊపొచ్చింది. ఇప్పుడు మంచి ల్యాబ్‌లు 20 శాతం దగ్గర ఉన్నాయి. వై6లో జంట అంత తేలిగ్గా ఎలా విడిపోతోందన్న దానిమీద వాదనలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వాదన నడుస్తున్న చోట పీహెచ్‌డీకి చోటుంటుంది, అది గుర్తుపెట్టుకోండి.

సోలార్ సెల్‌కి శాపమైన ఆ బిగువే ఎల్ఈడీకి వరం. అక్కడ మనకు కావాల్సింది ఎలక్ట్రాన్, హోల్ కలవడమే. 1987లో టాంగ్, వాన్ స్లైక్ కలిసి చేసిన పలుచటి ఆర్గానిక్ ఎల్ఈడీ, 1990లో కేంబ్రిడ్జ్‌లో రిచర్డ్ ఫ్రెండ్ బృందం చేసిన పాలిమర్ ఎల్ఈడీ ఈ దారి తెరిచాయి. కానీ అక్కడ మరో మెలిక ఉంది, ఎలక్ట్రాన్‌కుండే స్పిన్ అనే గుణం. కరెంటు ద్వారా పుట్టే ఎక్సైటాన్లలో, జంటలోని రెండు స్పిన్‌ల అమరికను బట్టి, 25 శాతం సింగ్లెట్లు, 75 శాతం ట్రిప్లెట్లు. మామూలు ఆర్గానిక్ అణువుల్లో ట్రిప్లెట్లు వెలగవు. అంటే మొదటి అడుగులోనే ముప్పాతిక వంతు నష్టం. దీన్ని రెండు రకాలుగా దాటారు. 1998లో ఫారెస్ట్, థాంప్సన్ బృందాలు ప్లాటినం ఉన్న అణువును వాడి ట్రిప్లెట్లను కూడా వెలిగించాయి, తర్వాత ఆ స్థానం ఇరిడియం అణువులు తీసుకున్నాయి. 2012లో అడాచి బృందం బరువైన లోహమేదీ లేకుండానే, ట్రిప్లెట్ గది వేడి సాయంతో మళ్లీ సింగ్లెట్‌గా ఎక్కి వెలిగే అణువులు చూపించింది.

ఇంత జరిగినా నీలం రంగు మొండిగానే ఉంది. ఫోన్ తెరల్లో ఎరుపు, ఆకుపచ్చ ట్రిప్లెట్లను వాడుకునే పదార్థాలతో వెలుగుతాయి. నీలానికి మాత్రం చాలావరకు ఇప్పటికీ పాత పద్ధతి సింగ్లెట్ పదార్థాలే. కారణం తెలిసిందే. నీలం ట్రిప్లెట్‌లో 2.7, 2.8 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. అది ఎక్కువసేపు బతుకుతుంది కూడా. అంతలో పక్కనున్న మరో ట్రిప్లెట్‌నో, దారినపోయే ఆవేశాన్నో ఢీకొంటే రెండు శక్తులూ ఒకేచోట చేరతాయి. కార్బన్-నైట్రోజన్ బంధం తెగడానికి అది చాలు. తెగిన అణువు ఊరికే ఉండదు, చుట్టూ ఉన్న ఎక్సైటాన్లను ఆర్పేస్తూ కూర్చుంటుంది. మీకొచ్చిన ఆర్గానిక్ ఎల్ఈడీ ల్యాబ్ నీలం మీద, అందులోనూ ఆయుష్షు మీద పనిచేస్తుంటే అది మంచి అవకాశమే. ఎరుపు మీద ఇంకో కొత్త అణువు అంటే నేనైతే అంత ఉత్సాహం చూపించను.

పెరోవ్‌స్కైట్ తీరు వేరు. 1839లో గుస్టావ్ రోజ్ ఉరల్ పర్వతాల్లో దొరికిన కాల్షియం టైటనేట్ ఖనిజానికి పెట్టిన పేరది; ఇప్పుడు అదే స్ఫటిక నిర్మాణం ఉన్న కుటుంబానికంతా వాడుతున్నాం. మనకు కావాల్సిన రకంలో సీసం లేదా తగరం చుట్టూ ఆరు హాలైడ్లు (అయోడైడ్, బ్రోమైడ్ లాంటి అయాన్లు), ఆ ఎనిమిది ముఖాల పంజరాల మధ్య ఖాళీల్లో మిథైల్‌అమ్మోనియం, ఫార్మామిడీనియం, సీజియం అనే ధన అయాన్లలో ఏదో ఒకటో, వాటి కలయికో ఉంటాయి. అయోడైడ్ తీసి బ్రోమైడ్ పెడితే బ్యాండ్ గ్యాప్ 1.6 నుంచి 2.3 ఎలక్ట్రాన్ వోల్టులకు పెరుగుతుంది. నలుపు గోధుమ ఫిల్మ్ నారింజ రంగులోకి వస్తుంది. అయోడైడ్ రకాల్లో ఎక్సైటాన్ బంధం ఎంత బలహీనమంటే గది వేడికే విడిపోతుంది. ఆవేశాలు మైక్రోమీటర్ దాటి నడుస్తాయి. అర మైక్రోమీటర్ పొర చాలు, కనబడే వెలుతురులో ఎక్కువ భాగం మింగేస్తుంది. సిలికాన్ పలక మందం దానికి కొన్ని వందల రెట్లు. అన్నిటికంటే వింతేమిటంటే, ఇంత తేలిగ్గా, ఇంత అశుభ్రంగా తయారైన పదార్థం ఇంత బాగా పనిచేయడం. సిలికాన్‌ను 1414 డిగ్రీల దగ్గర కరిగించి, మలినాలు కోట్లలో ఒకటికి మించకుండా చూస్తే గానీ మాట వినదు. ఇది 100 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద కొద్ది నిమిషాల్లో తయారైపోతుంది. లోపాలుంటాయి, కానీ వాటి శక్తి స్థాయిలు ఎక్కువగా బ్యాండ్ అంచుల దగ్గరే ఉండటంవల్ల ఆవేశాలు అంతగా చిక్కుకోవు.

ఆ తయారీ ఒకసారి దగ్గరగా చూస్తే ఈ పని మీకు పడుతుందో లేదో తెలుస్తుంది. గాలి చొరబడని గ్లవ్‌బాక్స్‌లో, సన్నటి పొరలు ముందే వేసిన గాజు ముక్క మీద పసుప్పచ్చటి ద్రావణం చుక్కలు వేసి, స్పిన్ కోటర్ అనే మిషన్ మీద గిరగిరా తిప్పుతాం. కొన్ని సెకన్లు ఏమీ కానట్టే ఉంటుంది. సరైన క్షణంలో, గాజు తిరుగుతుండగానే, క్లోరోబెంజీన్ లాంటి యాంటీసాల్వెంట్‌ను (పెరోవ్‌స్కైట్‌ను కరగనివ్వని ద్రవాన్ని) పిపెట్‌తో ధారగా వదలాలి. ముందు వదిలితే స్ఫటిక బీజాలు సరిపడా పుట్టవు. ఆలస్యమైతే ఫిల్మ్ అప్పటికే తనంతట తాను మసకబారి గరుకుగా తయారవుతుంది. కుదిరితే లేత గోధుమరంగు అద్దంలా మారుతుంది, హాట్‌ప్లేట్ మీద పెట్టగానే నల్లబడుతుంది. అదే ద్రావణం, అదే మిషన్, ఇద్దరు మనుషులు చేస్తే రెండు రకాల సెల్స్ వస్తాయి. ఈ చేతి పనితనం చూసి కొందరు ముచ్చటపడతారు, కొందరికి చిరాకు. నాకైతే ఇది ఈ రంగానికున్న రోగం అనిపిస్తుంది. మీటరు వెడల్పు గాజును స్పిన్ కోటర్ మీద తిప్పలేం కదా. బ్లేడ్‌తో, స్లాట్-డైతో (సన్నటి చీలికలోంచి ద్రావణం వదిలే పరికరంతో) పూయడమో, శూన్యంలో ఆవిరిగా వేయడమో నేర్పే ల్యాబ్ అయితే దానికి ఒక మార్కు ఎక్కువేయండి.

ఇప్పుడు మీ సీనియర్ల మాట. 2009లో మియాసకా బృందం మొదటిసారి 3.8 శాతం చూపించింది, అదీ ద్రవ ఎలక్ట్రోలైట్‌తో, పెరోవ్‌స్కైట్‌ను కాసేపట్లోనే కరిగించేసే ఏర్పాటుతో. 2012లో పార్క్, గ్రాట్జెల్ బృందాలు ఒకవైపు, స్నెయిత్ బృందం మరోవైపు ఆ ద్రవాన్ని తీసేసి ఘన పొరలు పెట్టాక 10 శాతం దగ్గరికొచ్చింది. ఇప్పుడు 26 శాతం దాటింది. ఒకే బ్యాండ్ గ్యాప్ ఉన్న ఏ సెల్‌కైనా షాక్లీ-క్వైసర్ పరిమితి, అంటే సిద్ధాంతం ఒప్పుకునే గరిష్ఠ సామర్థ్యం, సుమారు 33.7 శాతం. అంటే దూకుడుగా పెరిగే దశ అయిపోయింది, అంతవరకు మీ సీనియర్లు చెప్పింది నిజం. ద్రావణంలో మరో పదార్థం కాస్త కలిపి 0.2 శాతం పెంచాం అనే పేపర్లు వారానికి ఎన్నో వస్తాయి. అలాంటి పేపర్ల గుట్టకు మరొకటి చేర్చడానికి అన్నేళ్లు పెట్టకండి.

పరిమితిని దాటే దారి టాండెమ్, అంటే ఒకదానిమీద ఒకటి రెండు సెల్స్. 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల సిలికాన్ మీద 1.68 దగ్గరి పెరోవ్‌స్కైట్ పెడితే నీలం, ఆకుపచ్చ వెలుతురు పైసెల్ తీసుకుంటుంది, ఎరుపు చివర, పరారుణం కిందికి దిగుతాయి. చైనా సోలార్ కంపెనీ లాంగీ 2023లో 33.9, 2024లో 34.6 శాతం నమోదు చేసింది. ఆ రికార్డులు చదరపు సెంటీమీటర్ స్థాయి సెల్స్ మీదివని మరిచిపోకండి.

సరిగ్గా ఈ 1.68 దగ్గరే అసలు కథ మొదలవుతుంది. అంత గ్యాప్ కావాలంటే అయోడైడ్‌లో బ్రోమైడ్ కలపాలి. బ్రోమైడ్ మరీ ఎక్కువైతే, వెలుతురు పడగానే రెండు హాలైడ్లూ విడిపోయి అయోడైడ్ ఎక్కువున్న చిన్నచిన్న దీవులు ఏర్పడతాయి. దీన్ని హోక్ బృందం 2015లో బయటపెట్టింది. ఆవేశాలన్నీ ఆ దీవుల్లోకి జారిపోయి వోల్టేజీ పడిపోతుంది. చీకట్లో వదిలేస్తే మళ్లీ కలిసిపోతాయి! ఘన పదార్థంలో అయాన్లు ఇంత తేలిగ్గా తిరగడమే పెరోవ్‌స్కైట్ స్వభావం, దాని తలనొప్పులన్నిటికీ మూలం కూడా. మీరు చేసే మొదటి కొలతలోనే ఇది ఎదురవుతుంది. వోల్టేజీ పైనుంచి కిందికి తెస్తూ గీసిన కరెంటు-వోల్టేజీ వక్రరేఖ ఒకలా, కింది నుంచి పైకి పోతూ గీసింది ఇంకోలా వస్తుంది. స్కాన్ వేగం మారిస్తే రెండూ మళ్లీ మారతాయి. వాటిలో బాగున్నదాన్ని మాత్రమే చూపించిన పేపర్లు ఒకప్పుడు బోలెడు. అందుకే ఇప్పుడు గరిష్ఠ శక్తి బిందువు దగ్గర నిలిపి, నిమిషాల తరబడి ఎంత ఇస్తుందో చూపించమంటున్నారు.

ఎల్ఈడీల్లోనూ ఇదే తంతు. 2014లో కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ బృందాలు గది ఉష్ణోగ్రత దగ్గర పెరోవ్‌స్కైట్ ఎల్ఈడీ వెలిగించినప్పుడు పరారుణంలో బాహ్య క్వాంటమ్ సామర్థ్యం (పంపిన ఎలక్ట్రాన్లకు బయటికొచ్చిన ఫోటాన్ల నిష్పత్తి) 0.76 శాతం. 2018కల్లా 20 శాతం దాటేశారు. రంగు స్వచ్ఛతలో వీటికి సాటి వచ్చేవి తక్కువ. ఆకుపచ్చ కాంతి వెడల్పు 20 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది. కానీ వెలిగేకొద్దీ అయాన్లు విద్యుత్ క్షేత్రంలో కొట్టుకుపోతాయి, నీలం కోసం క్లోరైడ్ బ్రోమైడ్ కలిపితే రంగే మారిపోతుంది. ఆయుష్షులో ఆర్గానిక్ ఎల్ఈడీలకు ఆమడ దూరంలో ఉన్నాయి. తెరల్లో వీటికి దగ్గరి భవిష్యత్తు కరెంటుతో వెలగడం కంటే, నీలి వెలుతురును పీల్చి ఆకుపచ్చగా మార్చే పొరగానే అని నా అంచనా.

మన్నిక విషయంలో సోలార్ వాళ్ల ముందున్న కొలబద్ద నిర్దాక్షిణ్యమైనది. సిలికాన్ ప్యానెళ్లకు 25 ఏళ్ల హామీ మామూలు. మార్కెట్‌లోకి పోవాలంటే 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటలు, మైనస్ 40 నుంచి 85 డిగ్రీల మధ్య 200 సార్లు వేడి-చలి మార్పులు తట్టుకోవాలి. మిథైల్‌అమ్మోనియం రకం ఈ వేడికే అందులోని సేంద్రియ భాగాన్ని ఆవిరిగా వదిలేస్తుంది. నల్లటి ఫిల్మ్ అంచుల నుంచి పసుపెక్కుతుంది, ఆ పసుపు లెడ్ అయోడైడ్. ఫార్మామిడీనియం రకం వేడికి మేలు, కానీ గది ఉష్ణోగ్రతలో దాని స్థిరమైన రూపం పనికిరాని పసుపు దశ. సీజియం కలిపేది నల్ల దశను నిలబెట్టడానికే. ఇవన్నీ కుదిరినా వేడి, వెలుతురు, వోల్టేజీ మూడూ కలిసి పడినప్పుడు ఏ పొర ముందు పాడవుతుందో, ఎందుకో ఊహించి చెప్పే నమూనా మన దగ్గర లేదు. పగలు పని, రాత్రి విశ్రాంతి అన్న చక్రంలో పెడితే కొన్ని సెల్స్ కోలుకుంటాయి, కొన్ని ఆగకుండా వెలుతురులో ఉంచినదానికంటే త్వరగా పాడవుతాయి. ఎంతో మందికి పీహెచ్‌డీలు ఇక్కడున్నాయి.

సీసం సంగతి. లెక్క మీరే వేయొచ్చు. అర మైక్రోమీటర్ పొర చదరపు మీటరుకు అర ఘన సెంటీమీటర్. సాంద్రత 4.16 కాబట్టి సుమారు 2 గ్రాములు, అందులో సీసం మూడో వంతు. అంటే చదరపు మీటరుకు 0.7 గ్రాములు. తక్కువే అని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. ఇక్కడి సీసం లోహంలా స్థిరంగా ఉండదు, గాజు పగిలి వాన పడితే నీటిలో కరిగి కదులుతుంది. సీసాన్ని పట్టి ఉంచే పొరలు, గట్టి సీలింగు అందుకే అవసరం. తగరంతో చేద్దామంటే అది గాలి తగిలితే రెండు నుంచి నాలుగు ఆవేశాల స్థితికి మారి పదార్థాన్ని పాడుచేస్తుంది. ల్యాబ్‌లో మీ ఆరోగ్యం గురించైతే నేను ద్రావణుల గురించే ఎక్కువ హెచ్చరిస్తాను. పెరోవ్‌స్కైట్ ద్రావణంలో వాడే ద్రవాల్లో డీఎంఎఫ్ పునరుత్పత్తి ఆరోగ్యానికి చేటు. డీఎంఎస్ఓ చర్మంలోంచి తేలిగ్గా దూరుతుంది, తనలో కరిగిన వాటిని కూడా తీసుకుపోగలదు. సీసం లవణం కరిగిన డీఎంఎస్ఓ గ్లవ్ మీద పడితే తుడుచుకోవడం కాదు, గ్లవ్ వెంటనే మార్చాలి.

చేరేముందు రెండు ల్యాబ్‌లనూ కొన్ని ప్రశ్నలు అడగండి. సెల్స్‌ను, ఎల్ఈడీలను వారాల తరబడి నడిపి చూసే ఏజింగ్ సెటప్ సొంతంగా ఉందా? పేపర్‌లో చూపించిన ఫలితం ఎన్ని డివైస్‌లలో ఒకటి, మిగతావి ఎలా ఉన్నాయి? పాడైన డివైస్‌ను విప్పి చూస్తారా, పారేస్తారా? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబు ల్యాబ్ గురించి చాలా చెప్తుంది. వాళ్ల పాత పేపర్లు చదివేటప్పుడు కరెంటు-వోల్టేజీ కొలతలో వచ్చిన కరెంటు, క్వాంటమ్ సామర్థ్యం (సెల్‌లో అయితే పడిన ఫోటాన్లకు వచ్చిన ఎలక్ట్రాన్ల నిష్పత్తి) నుంచి లెక్కగట్టిన కరెంటు దగ్గరగా ఉన్నాయో లేదో చూడండి. పెద్ద తేడా ఉంటే ఎక్కడో వైశాల్యం కొలతలోనో, దీపం కాలిబ్రేషన్‌లోనో ఏదో జరిగింది. ఆయుష్షు గ్రాఫ్ ఉంటే ఉష్ణోగ్రత ఎంత, నైట్రోజన్‌లోనా గాలిలోనా, వోల్టేజీ పెట్టి నడిపారా ఊరికే అల్మారాలో దాచారా చూడండి. అల్మారాలో 5000 గంటలు నిలిచిందంటే నాకు పెద్దగా లెక్కలోకి రాదు.

మీరు ఫిజిక్స్ వాళ్లు. అయాన్లు, కొలతలు, నమూనాలు అంటే ఆసక్తి ఉంటే పెరోవ్‌స్కైట్ వైపు మొగ్గండి. అణువు గీసి, చేసి, దాని స్పెక్ట్రమ్ ఊహించడం ఇష్టమైతే ఆర్గానిక్ వైపు వెళ్లండి, కానీ పక్కన మంచి సింథసిస్ కెమిస్ట్ ఉండేలా చూసుకోండి. లేకపోతే ఇంకొకరు పంపే గ్రాముల కోసం నెలల తరబడి ఎదురుచూపులే.

కోడింగ్ గురించి: చేరడానికి రానక్కర్లేదు, చేరిన మొదటి ఏడాదిలో పైథాన్ నేర్చుకోవాల్సిందే. ఏజింగ్ సెటప్ నిమిషానికోసారి ఒక వక్రరేఖ గీసి పడేస్తుంటే వాటిని స్ప్రెడ్‌షీట్‌లో చేత్తో చూడటం అయ్యే పని కాదు. డేటా ఫైలు చదవడం, వక్రరేఖకు సమీకరణం అమర్చడం, వంద గ్రాఫ్‌లు ఒకేసారి గీయడం, ఈ మూడూ వస్తే మొదటి ఏడాదికి చాలు. ఆ తర్వాత డ్రిఫ్ట్-డిఫ్యూజన్ సిమ్యులేషన్‌లు (డివైస్‌లో ఆవేశాలు ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో లెక్కించడం) చేయాలనిపిస్తే అయాన్ల కదలికను కూడా కలిపి లెక్కించేవి ఉచితంగానే దొరుకుతాయి. రెండు ల్యాబ్‌ల జవాబులు వచ్చాక ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.